దిష్టిచుక్కంత నలుపు

మా బావమరిది కొంపల్లిలో ఫ్లాట్ కొన్నాడు. కొన్నవాడు బుద్ధిగా నాలుగు గోడలకీ క్రీమ్ కలర్ కొట్టించుకుని పాలు పొంగించుకోవచ్చుగా? ఇంటీరియర్ డిజైనర్ అంటూ ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి ఒకటే మాట చెప్పింది: తెలుపు, నలుపు, ఎరుపు. నాలుగో రంగు గుమ్మం తొక్కకూడదు. దానికి 60-30-10 అని ఒక లెక్కుంది. గదిలో 60 శాతం ఒక రంగు, 30 శాతం దానికి జోడీ, మిగతా 10 శాతం కంటికి కొట్టొచ్చేది. అంటే గోడలూ సోఫా తెలుపు, టీవీ గోడా కప్‌బోర్డులూ నలుపు, అక్కడక్కడా ఎరుపు.

మా అత్తయ్య అంతా విని, "ముప్పై శాతం నలుపెందుకమ్మాయ్, దిష్టిచుక్కంత ఉంటే చాలదూ?" అంది. నన్నడిగితే ఆ రోజు ఆ గదిలో డిజైన్ తెలిసి మాట్లాడింది ఆవిడొక్కతే.

పైగా ఆ మూడు రంగులూ ఆవిడకేం కొత్త కాదు. పుట్టిల్లు చీరాల. అక్కడి తేలియా రుమాళ్లనే చేనేత గుడ్డలవి సరిగ్గా అవే రంగులు. నూలుని నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, అప్పుడు అద్దకం వేస్తారు. ఒకప్పుడు అరబ్బు దేశాల దాకా వెళ్లిన సరుకు. ఇప్పుడు తెలంగాణలోని పుట్టపాకలో నేస్తున్నారు, 2020లో ఫలానా చోటి సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అత్తయ్య ట్రంకుపెట్టెలోంచి పాతదొకటి తీసి చూపించింది. అమ్మాయి కళ్లు మెరిశాయి. "వావ్ ఆంటీ, దీన్ని ఫ్రేమ్ కట్టించి గోడకి పెడదాం!"

"మా నాన్న తలకి చుట్టుకునేవాడమ్మా అది. తలపాగాకి ఫోటో కడతారా ఎవరైనా?"

ఇల్లు తయారైంది. బ్రోచర్‌లో బొమ్మలా ఉందని ఒప్పుకోవాలి. అయితే బ్రోచర్‌లో బల్లులుండవు. క్రీమ్ గోడ మీద బల్లి ఉన్నా మన కంట పడేది కాదు, దాని బతుకు అది బతికేది. నల్లగోడ మీద మాత్రం ఎగ్జిబిషన్‌లో పెట్టినంత స్పష్టంగా కనిపిస్తుంది. నల్ల రిమోట్ నల్ల టీవీ యూనిట్ మీద పెట్టగానే నల్లపూసైపోతుంది. దోమల విషయంలో ఒక సదుపాయం ఉంది లెండి. కడుపు నిండిన దోమని తెల్లగోడ మీద కొడితే, ఆ మరక థీమ్‌లోనే ఉంటుంది.

గృహప్రవేశానికి ఫ్యామిలీ గ్రూపులో డ్రెస్ కోడ్ పెట్టారు. తెలుపు, నలుపు, ఎరుపుల్లో ఏదైనా కట్టుకు రావచ్చు. శుభకార్యానికి నలుపు కట్టే ఆడవాళ్లు మా వైపు లేరు. అంచు లేని తెలుపు అంటే అసలే పడదు. మిగిలింది ఎరుపు. పిన్నులు, అత్తలు, వదినలు, అందరూ ఎర్రచీరలే. 10 శాతం ఉండాల్సిన ఎరుపు 60 శాతమైంది. మా పెద్ద పిన్ని ఎర్రగోడకి ఆనుకుని ఫోటో దిగింది. అందులో తలా, రెండు చేతులూ తప్ప ఏమీ లేవు.

అసలు గొడవ పసుపు దగ్గరొచ్చింది. గడపకి పసుపు రాయొద్దంటుంది డిజైనర్, ఫోటోలు పాడవుతాయట. పసుపు లేని గడప దాటి లోపలికి రానంటుంది అత్తయ్య. పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని గడియారం చూపిస్తున్నారు. చివరికి పసుపే గెలిచింది, దాని వెనకే మామిడాకులూ బంతిపూలూ వచ్చేశాయి. అమ్మాయి బాల్కనీలోకి వెళ్లి నిలబడింది.

అత్తయ్యకి జాలేసినట్టుంది. "ఇదిగో, ఇది నీ రంగే" అంటూ ఎర్రనీళ్ల పళ్లెం చూపించింది. పసుపునీళ్లలో సున్నం వేస్తే ఎర్రగా మారతాయని ఆ పిల్లకి తెలియదు, నిజంగానే సంబరపడింది. దిష్టి తీయడం అయ్యాక పళ్లెం కింద పెడదామంటే ఎక్కడా ఒక స్టూలు లేదు. మినిమలిజం! తీసుకెళ్లి సోఫా చేతి మీద పెట్టారు. బెలూన్ పట్టుకుని మా మేనల్లుడు అటే పరిగెత్తుకొచ్చాడు.

తెల్లసోఫా మీద ఎర్రనీళ్లు. ఇల్లంతా డాక్టర్లే అయ్యారు. ఒకరు ఉప్పన్నారు, ఒకరు టాల్కం పౌడరన్నారు. ఎవరో నిమ్మచెక్క తెచ్చి రుద్దారు. మరక చక్కగా పసుపుపచ్చగా మారింది. భయపడి సబ్బునీళ్లు పోస్తే మళ్లీ ఎర్రబడింది. పసుపులో ఉండే కర్క్యుమిన్ గుణమే అంత. సున్నం, సబ్బు లాంటి క్షారం తగిలితే ఎరుపు, పులుపు తగిలితే పసుపు. అది తెలియక పుట్టింటి వాళ్లు నిమ్మచెక్కతో ఒకవైపు, అత్తింటి వాళ్లు సర్ఫ్‌తో ఇంకోవైపు చాలాసేపు పోరాడారు. బాల్కనీలోంచి వచ్చిన డిజైనర్ ఒక్క క్షణం చూసి, "ఎరుపు దగ్గర ఆపేయండి" అంది.

ఎర్రగా ఆపితే ఆగుతుందా? నాలుగు రోజులకి మళ్లీ పచ్చబడుతుంది. అందుకని గేటు దగ్గర నుంచి సెక్యూరిటీ ఫోన్ చేయగానే మా బావమరిది భార్య మగ్గులో సర్ఫ్ కలుపుకుని సోఫా దగ్గరికి పరిగెడుతుంది. వచ్చినవాళ్లకి మర్యాదలకేం లోటు లేదు కానీ, మండుటెండలో వెళ్లినా నిమ్మరసం మాత్రం ఇవ్వరు. కాఫీయే. అదీ డైనింగ్ టేబుల్ దగ్గరే తాగాలి.