ఇంజిన్ సంజీవని డబ్బా గారికి

మహారాజశ్రీ, ఇంజిన్ ఆయిల్లో అదనంగా కలిపే అడిటివ్ డబ్బా గారికి,

విశాఖపట్నం, కంచరపాలెం నుంచి 2001 మోడల్ నూరు సీసీ బండి యజమాని వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం, క్లచ్ తప్ప.

1957 నుంచి రిఫైనరీ ఉన్న ఊళ్లో చమురు వాసన పీలుస్తూ పెరిగినవాణ్ణి. అయినా మీకు పడిపోయాను. పొగ మాయం, చప్పుడు మాయం, మైలేజీ రెట్టింపు, పాత ఇంజిన్‌కి కొత్త యవ్వనం! పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని సుగుణాలు ఎవరూ చెప్పుకోరు.

ఆయిల్‌లో మిమ్మల్ని కలిపిన మర్నాడే మా ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని సింహాచలం ఘాట్ ఎక్కాను. సగం కొండకే ఇంజిన్ గావుకేకలు, బండి మాత్రం నత్తనడక. "మెట్లెక్కినా ఈపాటికి అప్పన్న దర్శనం అయిపోను" అంది.

మెకానిక్ ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ తీసి వేళ్లతో రుద్ది, "ఏటి పోసేసినారు బావూ ఇందులో?" అన్నాడు. బైకులో క్లచ్ ప్లేట్లు కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయట. పిస్టన్ దగ్గర జారితే మంచిదే, ప్లేట్ల దగ్గర జారితే ఇక పట్టేదెవరు? అందుకే బైక్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అనే జపాను ప్రమాణం గుర్తు ఉండాలట. జారుడు ఎక్కువుండే ఎంబీ, గేర్లు లేని స్కూటర్లకి. తమరి మీద ఈ రెండూ లేవు, పులి బొమ్మ ఉంది.

పోనీ పొగైనా తగ్గించారా? నీలం పొగంటే రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఆయిల్ మండుతోందని అర్థం. అరిగిన ఇనుమును మొలిపించే విద్య మీకుందా? చిక్కగా ఉండి నాలుగు రోజులు దాన్ని కప్పిపెడతారు, అంతేగా. మురికి కడిగేదీ, అరుగుదల ఆపేదీ కంపెనీవాడు ఆయిల్లో ముందే కొలిచి కలిపాడు. మీ రాక, ఉప్పు సరిపోయిన పులుసులో ఇంకో గుప్పెడు వేయడమే.

మాన్యువల్లో చెప్పిన ఆయిల్ చిక్కదనం 20 డబ్ల్యూ 40. డబ్ల్యూ అంటే వింటర్ అట. డిసెంబర్లోనూ ఫ్యాన్ వేసుకునే ఊళ్లో చలిలో చిక్కదనం చెప్పే ఆ ముందు అంకె గురించి నాకు బెంగ లేదు. వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెప్పేది వెనక నలభై. వంద పేజీల పుస్తకంలో ఆ ఒక్క లైను చదవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది, ఆ తప్పు మాత్రం మీది కాదు.

ఆయిల్ పారబోయించి, కొత్త ప్లేట్లు వేయించాను. మీ అడుగున మిగిలిన నాలుగు చుక్కలూ సముద్రపు గాలికి తుప్పు పట్టిన మా గేటు బందుల్లో పోశాను. కిర్రుమనడం మానేసింది. దానికి క్లచ్ లేదు కదా.

ఇట్లు,
తమ పాత భక్తుడు