ఆటోస్కేలర్ గారికి ఒక విన్నపం

అయ్యా ఆటోస్కేలర్ గారూ,

నమస్కారం. రద్దీని బట్టి సర్వర్లను పెంచి, తగ్గించి, మా నిద్ర చెడకుండా చూస్తారని మిమ్మల్ని మా బస్ టికెట్ల సిస్టమ్‌లో కూర్చోబెట్టారు. మీ వంశం చిన్నదేం కాదు. తమ బాగోగులు తామే చూసుకునే సిస్టమ్స్ కావాలని ఐబీఎం 2001లోనే పిలుపునిచ్చింది. మీరు కుబర్నెటీస్ (సర్వర్ల మీద ప్రోగ్రాములను నడిపించే సాఫ్ట్‌వేర్) శాఖ వారసులు. 15 సెకన్లకోసారి సీపీయూ నాడి పట్టుకుని చూస్తారు. అదొక్కటే చూస్తారు, అదీ మా బాధ.

సంక్రాంతి టికెట్లు తెరిచిన రోజు ఏం చేశారో గుర్తుందా? డేటాబేస్ నెమ్మదించింది. మా నాలుగు పాడ్లూ (మీరు పెంచే, తగ్గించే మా ప్రోగ్రాం కాపీలు) దాని జవాబు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాయి. ఊరికే నిలబడితే సీపీయూ ఏం ఖర్చవుతుంది? తమరు చూశారు: 12 శాతం. 'వీళ్లకు పనేం లేదు' అనుకుని, పద్ధతి ప్రకారం ఐదు నిమిషాలు ఆగి మరీ, మూడింటిని ఇంటికి పంపారు. పెళ్లిలో అన్నం ఇంకా ఉడకలేదని వడ్డించేవాళ్లను సాగనంపినట్టు.

ఈలోగా డేటాబేస్ కోలుకుంది. అప్పటిదాకా రిఫ్రెష్ కొట్టీ కొట్టీ విసిగిన జనమంతా ఆ ఒక్క పాడ్ మీద పడ్డారు. సీపీయూ నూటికి చేరింది. మీకు ఎక్కడలేని ఉత్సాహం: రెండు, నాలుగు, ఏడు! పుట్టిన ప్రతి పాడూ డేటాబేస్‌కు ఇరవై కనెక్షన్లు తెరుస్తుంది. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అందులో కనెక్షన్ల హద్దు, ఎవరూ ముట్టుకోని సెట్టింగ్, 100. ఐదో పాడ్ దగ్గరే అది తలుపులు మూసేసింది. ఇక అన్నీ ఎర్రర్లే. ఎర్రర్ ఇవ్వడానికి సీపీయూ పెద్దగా అక్కర్లేదు కదా, రద్దీ తగ్గిందని మీరు మళ్లీ సంతోషించారు.

మీ పెద్దల్లో టీసీపీ అని, ఇంటర్నెట్‌లో డేటాను చేరవేసే ఒకాయన ఉన్నారు. 1986లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య నెట్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అందరూ పంపిందే మళ్లీ మళ్లీ పంపి దారంతా నింపేశారు. ఆ ల్యాబ్‌లోని వాన్ జాకబ్సన్ 1988లో టీసీపీ గారికి నేర్పిన బుద్ధి ఒకటే: ప్యాకెట్ (పంపిన డేటా ముక్క) పోయిందంటే ముందు దారి ఇరుకైంది, వెనక్కి తగ్గు, తర్వాత మెల్లగా పెంచు. ఆయన అవతలివాడి అవస్థ చూస్తారు. మీరు అద్దంలో మీ మొహం చూసుకుంటారు.

క్యూలో ఎంతమంది ఉన్నారు, జవాబుకు ఎంతసేపు పడుతోంది అన్న లెక్కలు కూడా మీకు ఇవ్వొచ్చట. ఆ పని చేయాలన్న టికెట్ మా బ్యాక్‌లాగ్‌లో (ఇంకా చేయాల్సిన పనుల జాబితాలో) భద్రంగా ఉంది. అప్పటిదాకా మీటింగ్ పెట్టి ఒక మార్పు చేశాం: కనీసం నాలుగు పాడ్లు, గరిష్ఠం నాలుగు. ఈ హద్దుల్లో తమరు పూర్తి స్వేచ్ఛతో ఎన్నైనా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

ఇట్లు,
ఈ వారం ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్నవాడు