పట్టువిడుపులకు శిక్ష పడే చోట

2024 ఫిబ్రవరి 7న అమెరికా సెనేట్‌లో ఓ బిల్లు చర్చ దాకా కూడా రాకుండానే కూలిపోయింది. 370 పేజీల ఆ బిల్లును జనం ముందు పెట్టింది అంతకు మూడు రోజుల ముందే, ఆదివారం రాత్రి. పేరుకు అది మెక్సికో సరిహద్దు కోసం, ఉక్రెయిన్, ఇజ్రాయెల్‌లకు సాయం కోసం తెచ్చిన బిల్లు. కానీ అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న సంగతులు కూడా అందులో ఉన్నాయి. కొందరు హెచ్‌-1బీ ఉద్యోగుల భార్యలకు, భర్తలకు పని చేసుకునే అనుమతి. చిన్నప్పుడే తల్లిదండ్రుల వెంట వెళ్లి, 21 ఏళ్లు నిండగానే డిపెండెంట్ హోదా పోగొట్టుకుంటున్న పిల్లలకు రక్షణ. ఐదేళ్ల పాటు ఏటా 50 వేల అదనపు ఇమిగ్రెంట్ వీసాలు. చర్చ మొదలుపెట్టడానికి కావాల్సినవి 60 ఓట్లు, పడినవి 49. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న మనవల భవిష్యత్తు గురించి ఇక్కడ టెన్షన్ పడే తాతయ్యలకు, నాన్నమ్మలకు ఆ ఓటింగ్ సంగతి తెలిసే అవకాశం కూడా లేకపోయింది.

ఆ బిల్లును కూర్చింది ముగ్గురు: ఓక్లహోమా రిపబ్లికన్ జేమ్స్ లాంక్‌ఫర్డ్, కనెక్టికట్ డెమొక్రాట్ క్రిస్ మర్ఫీ, అరిజోనా స్వతంత్ర సభ్యురాలు క్రిస్టెన్ సినిమా. నెలల తరబడి కూర్చుని మాట్లాడుకున్నారు. ఆశ్రయం కోరి వచ్చేవారి తొలి వడపోత కఠినంగా ఉండాలని, రద్దీ హద్దు మీరితే సరిహద్దును మూసేసే అధికారం ప్రభుత్వానికి ఉండాలని రిపబ్లికన్లు అడిగారు. రెండూ దక్కాయి. డెమొక్రాట్లు చట్టబద్ధమైన వలసకు కొన్ని అదనపు వీసాలు సంపాదించారు. అందుకు బదులుగా, పిల్లలుగా పత్రాలు లేకుండా వచ్చిన ‘డ్రీమర్ల’కు పౌరసత్వం ఇవ్వాలనే డిమాండును పక్కన పెట్టారు. 2001 నుంచీ ఆ పార్టీ వదలకుండా పట్టుకొచ్చిన డిమాండు అది. 2020 ఎన్నికల్లో డొనాల్డ్ ట్రంప్‌ను బలపరిచిన సరిహద్దు గస్తీ సిబ్బంది యూనియన్ సైతం ఈ బిల్లు కావాలంది.

అయినా నిలవలేదు. అధ్యక్ష ఎన్నికల ఏడాది అది. ట్రంప్ వద్దన్నారు. వారం రోజుల సగటు రోజుకు 5,000 దాటితే సరిహద్దు మూసి తీరాలన్న నిబంధనను, రోజుకు 5,000 మందిని లోపలికి రానిచ్చే నిబంధనగా తిప్పి ప్రచారం చేశారు. బిల్లు చదవడానికి ఒక రోజు పడుతుంది, ఆ ఒక్క వాక్యం ఫార్వర్డ్ చేయడానికి క్షణం చాలు. చివరికి అనుకూలంగా ఓటేసిన రిపబ్లికన్లు నలుగురే. అటు డ్రీమర్లను వదిలేశారన్న కోపంతో అలెక్స్ పడియా వంటి డెమొక్రాట్లూ వ్యతిరేకించారు. ఆ రోజు సభలో లాంక్‌ఫర్డ్ ఒక విషయం బయటపెట్టారు. ఎన్నికల ఏడాదిలో సరిహద్దు సమస్యను పరిష్కరించడానికి ప్రయత్నిస్తే నిన్ను నాశనం చేయడానికి నా చేతనైనదంతా చేస్తానని, పేరున్న ఒక మీడియా వ్యాఖ్యాత తనను ముందుగానే హెచ్చరించాడట. సమస్య తీరకూడదు, అది ఎన్నికలకు పనికిరావాలి. ఇంత బాహాటంగా ఈ మాట అనగలగడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

అమెరికా రెండుగా చీలిపోయిందని, అక్కడ ఇక రాజీ కుదరదని ఈమధ్య తరచూ వింటున్నాం. ఈ పత్రిక అలా అనుకోవడం లేదు. రాజీ కుదుర్చుకోవడం అమెరికన్లకు చేతకాకపోలేదు. కుదిర్చిన మనిషిని కాపాడుకోవడమే వాళ్లకు చేతకావడం లేదు.

దీనికి సాక్ష్యం 2022లోనే ఉంది. ఆ ఏడాది మే 24న టెక్సస్‌లోని యువాల్డీలో ఓ ప్రాథమిక పాఠశాలలోకి 18 ఏళ్ల యువకుడు తుపాకీతో చొరబడి 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపేశాడు. అంతకు పది రోజుల ముందే బఫెలో నగరంలోని ఓ సూపర్ మార్కెట్‌లో పది మంది నల్లజాతీయులు ఇలాగే హతమయ్యారు. ఇలాంటి ఘోరాల తర్వాత ఎప్పుడూ జరిగేదే మళ్లీ జరుగుతుందని, అంటే ఏమీ జరగదని అందరూ అనుకున్నారు. 2012లో మర్ఫీ సొంత రాష్ట్రం కనెక్టికట్‌లోని శాండీ హుక్ స్కూల్లో 20 మంది పసివాళ్లు పోయినప్పుడు కూడా, తుపాకీ కొనేవారి నేపథ్య తనిఖీని విస్తరించే బిల్లు మరుసటి ఏడాది 54 ఓట్ల దగ్గరే ఆగిపోయింది. ఈసారి మాత్రం నెల రోజుల్లో చట్టం వచ్చింది. సెనేట్‌లో 65 మంది సై అన్నారు. అందులో 15 మంది రిపబ్లికన్లు. మర్ఫీ, సినిమా ఇక్కడా ఉన్నారు. రిపబ్లికన్ల వైపు టెక్సస్ సెనేటర్ జాన్ కార్నిన్, నార్త్ కరోలినా సెనేటర్ థామ్ టిల్లిస్ కూర్చున్నారు.

ఈ చట్టంలో ఒక నిబంధనను దగ్గరగా చూడాలి. భార్యను కొట్టిన కేసులో శిక్ష పడినవాడు తుపాకీ కొనకూడదని 1996 నుంచే చట్టం ఉంది. అయితే అది పెళ్లయినవారికి, కలిసి కాపురం ఉంటున్నవారికి, ఇద్దరికీ బిడ్డ ఉన్నవారికి మాత్రమే వర్తించేది. వేరుగా ఉంటున్న ప్రియురాలిని చావబాదినవాడు దర్జాగా వెళ్లి తుపాకీ కొనుక్కోవచ్చు. ఈ కంత పూడ్చాలని డెమొక్రాట్లు ఏళ్లుగా అడుగుతున్నారు. రిపబ్లికన్ల భయం వేరు. తుపాకీ ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, ఒక చిన్న నేరానికి దాన్ని జీవితాంతం ఎలా లాగేసుకుంటారు? అసలు ‘డేటింగ్’ అంటే ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? చర్చల చివరి వారంలో బిల్లు మొత్తం ఈ ఒక్కచోట ఇరుక్కుపోయింది. చివరికి తేలింది ఇదీ. ప్రియురాలిపై దాడి చేసినవాడికీ నిషేధం వర్తిస్తుంది. మామూలు పరిచయాలు ఇందులోకి రావు. పాత కేసులను తవ్వరు. మొదటిసారి తప్పు చేసినవాడు ఐదేళ్లు మళ్లీ హింస జోలికి పోకుండా ఉంటే హక్కు తిరిగొస్తుంది. భర్తలకు మాత్రం ఆ ఐదేళ్ల సడలింపు లేదు.

ఇది ఎవరి ఆదర్శానికీ సరిపడే ఏర్పాటు కాదు. కానీ రెండు వైపుల భయాలకూ ఇందులో జవాబుంది. ఆ స్త్రీ ప్రాణానికి కొంత రక్షణ దొరికింది, మారిన మనిషికి దారి మిగిలింది. మధ్యేమార్గం అంటే చెరిసగం పంచుకోవడం అనుకునేవారు ఈ నిబంధనను ఒకసారి చదవాలి. ఎదుటివాడు దేన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోలేడో ముందు తెలుసుకుని, దాన్ని ముట్టుకోకుండా మనకు కావాల్సింది ఎంతవరకు సాధించగలమో చూడడం అది. గోడ మీద పిల్లిలా కూర్చునేవాడికి ఈ పని సాధ్యం కాదు. తనకేం కావాలో గట్టిగా తెలిసినవాడే చేయగలడు. యుద్ధంలో వాడే తరహా తుపాకుల నిషేధం ఈ చట్టంలో లేదు. వాటిని కొనే వయసును 21కి పెంచలేదు. మర్ఫీ ఈ రెండూ అడిగి, రావని తెలిశాక పక్కన పెట్టారు. శాండీ హుక్ తల్లిదండ్రులకు పదేళ్లుగా ముఖం చూపిస్తున్న మనిషికి అది తేలికైన పని కాదు.

ఇక బహుమానం సంగతి. చర్చలు ఇంకా సాగుతుండగానే, జూన్ 17న కార్నిన్ హ్యూస్టన్‌లో సొంత పార్టీ రాష్ట్ర మహాసభలో మాట్లాడబోతే అక్కడి కార్యకర్తలే గోల చేసి హేళన చేశారు. బఫెలో ప్రాంత రిపబ్లికన్ ప్రతినిధి క్రిస్ జేకబ్స్, తన ఊళ్లో జరిగిన హత్యాకాండ చూశాక ఆ తరహా తుపాకుల నిషేధానికి ఓటేస్తానన్నారు. వారం తిరిగేసరికి పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. టిల్లిస్‌ను 2023లో సొంత రాష్ట్ర పార్టీ అభిశంసించింది.

టిల్లిస్ మీద పార్టీకి కోపం రావడానికి కారణాల్లో 2022 చివర్లో వచ్చిన వివాహ గౌరవ చట్టం కూడా ఉంది. స్వలింగ వివాహాలకు, భిన్న జాతుల వారి వివాహాలకు దేశమంతటా గుర్తింపు ఉంటుందని, మత సంస్థలు మాత్రం తమ విశ్వాసానికి విరుద్ధమైన పెళ్లి వేడుకలకు సేవలు అందించనక్కర్లేదని ఆ చట్టం చెబుతుంది. సెనేట్‌లో 12 మంది రిపబ్లికన్లు దీనికి ఓటేశారు. దీని విత్తనం యూటాలో పడింది. 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలకు వ్యతిరేకంగా ప్రజాభిప్రాయ ఓటింగ్ జరిగినప్పుడు ఆ ప్రచారానికి మోర్మన్ చర్చి గట్టి అండగా నిలిచింది. అదే చర్చి పెద్దలు, సొంత రాష్ట్రం యూటాలో తమను తిట్టిపోస్తున్న స్వలింగ సంపర్కుల హక్కుల సంఘాలతో మాట్లాడడం మొదలుపెట్టారు. 2015 మార్చిలో యూటా చట్టం తెచ్చింది. ఉద్యోగంలో, అద్దె ఇళ్ల విషయంలో వివక్ష చూపరాదు, మత సంస్థలకు మినహాయింపు ఉంటుంది. దుకాణాలు, వ్యాపారులు సేవలు నిరాకరించవచ్చా అన్న గొడవను మాత్రం అందులోకి తేలేదు. తెమలని దాన్ని అలాగే వదిలి, తెమిలిన దాన్ని చట్టం చేసుకున్నారు.

అదే యూటాలో 2025 సెప్టెంబరు 10న ఒక యూనివర్సిటీ ఆవరణలో, విద్యార్థులతో వాదోపవాదాలు జరుపుతున్న ట్రంప్ మద్దతుదారు, సంప్రదాయవాద కార్యకర్త చార్లీ కిర్క్‌ను కాల్చి చంపారు. అంతకు మూడు నెలల ముందు మిన్నెసోటాలో డెమొక్రాట్ నాయకురాలు మెలిసా హోర్ట్‌మన్‌నూ ఆమె భర్తనూ ఇంట్లోనే చంపారు. మాటకు మాట సమాధానం చెప్పే చోటు మూతపడితే ఏం మిగులుతుందో ఈ రెండు హత్యలు చూపించాయి. చనిపోయినవారిది ఏ పార్టీ అని చూసి బాధను కొలిచేవారిని చూస్తే మాకు భయం వేస్తోంది.

మధ్యేమార్గం మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. అమెరికా చరిత్రలో ఘనంగా చెప్పుకున్న రాజీలు కొన్ని దారుణమైనవి. 1850 రాజీ ఉత్తరాదికి పారిపోయి వచ్చిన బానిసలను పట్టి యజమానికి అప్పగించమంది. 1877లో ఒక ఎన్నికల వివాదాన్ని తెంచుకోవడం కోసం దక్షిణాదిలో నల్లజాతి వారికి కాపలాగా ఉన్న ఫెడరల్ దళాలను వెనక్కి రప్పించారు. తర్వాత మూడు తరాల పాటు ఆ ప్రజలకు ఓటు లేదు, న్యాయం లేదు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో మార్టిన్ లూథర్ కింగ్, తొందరపడొద్దని తమకు బోధించే మధ్యేవాదుల మీద అంత బాధ పడింది ఊరికే కాదు. ఆ రాజీల్లో ఎవరి బతుకును పణంగా పెట్టారో వాళ్లకు బల్ల దగ్గర కుర్చీ లేదు. అందుకే ఏ ఒప్పందాన్ని చూసినా మేం ముందు అడిగేది ఇదే: నష్టపోయేవాళ్లు ఆ గదిలో ఉన్నారా? యూటాలో ఉన్నారు. 2024 సరిహద్దు చర్చల్లో డ్రీమర్లు లేరు. పడియా కోపంలో న్యాయం ఉందని మేం ఒప్పుకుంటాం. కానీ బిల్లు పడిపోవడం వల్ల ఆ డ్రీమర్లకు ఒరిగిందేమీ లేదు. హెచ్‌-1బీ పిల్లలకు దక్కబోయింది కూడా పోయింది.

రాజీకి శిక్ష ఎందుకు పడుతోంది? ఎన్నికల పద్ధతిలోనే మూలం ఉంది. ప్రతినిధుల సభలో అత్యధిక స్థానాలు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు. అక్కడ అసలు పోటీ నవంబరులో ఉండదు, పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీలో ఉంటుంది. ప్రైమరీకి వచ్చేది కొద్దిమంది, వాళ్లలో ఎక్కువమంది కరడుగట్టినవాళ్లు. ఎదుటి పార్టీతో చేయి కలిపినవాడు అక్కడ బలైపోతాడు. అలాస్కా ఓటర్లు 2020లో దీన్ని మార్చుకున్నారు. అందరికీ ఒకే ప్రైమరీ, అందులో మొదటి నలుగురు తుది పోటీకి వెళ్తారు, ఓటరు తన ప్రాధాన్యాలను వరుసగా గుర్తిస్తాడు. ట్రంప్ అభిశంసన విచారణలో ఆయన దోషి అని ఓటేసి సొంత పార్టీ ఆగ్రహానికి గురైన రిపబ్లికన్ సెనేటర్ లీసా మర్కౌస్కీ 2022లో ఆ పద్ధతిలోనే గెలిచారు. 2024లో దాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదన వెయ్యి ఓట్ల కంటే తక్కువ తేడాతో ఓడింది. ఇలాంటి మార్పు మరిన్ని రాష్ట్రాలకు రావాలని మేం గట్టిగా కోరుకుంటున్నాం.

అమెరికా పౌరులైన తెలుగువారికి ఇందులో సొంత అనుభవమే ఉంది. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతం మించి దక్కరాదన్న పరిమితిని ఉద్యోగుల వరకు ఎత్తేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65తో గెలిచింది. మొత్తం కార్డుల సంఖ్య పెంచకుండా ఇలా చేస్తే మిగతా దేశాలవారు క్యూలో వెనక్కి పోతారని సెనేట్‌లో డెమొక్రాట్ డిక్ డర్బిన్ అడ్డుకున్నారు. మనవాళ్లు చాలామంది ఆయన్ను శత్రువుగానే చూశారు. కానీ ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. మన వరుస ఎంత నిజమో, ఫిలిప్పీన్స్ నర్సు వరుసా అంతే నిజం. బిల్లు తెచ్చిన రిపబ్లికన్ మైక్ లీ ఆయనతో కూర్చుని ఆ ఏడాది డిసెంబరుకల్లా ఒప్పందానికి వచ్చారు. మరికొన్ని మార్పుల తర్వాత 2020 డిసెంబరు 2న సెనేట్ ఏకగ్రీవంగా ఆమోదించింది. అప్పటికి రెండు సభల బిల్లులూ వేర్వేరుగా తయారయ్యాయి. కలిపేలోపే ఆ కాంగ్రెస్ గడువు ముగిసి అంతా చెత్తబుట్టలో పడింది. మొదట్లోనే డర్బిన్ మాట విని ఉంటే ఆ ఏడాది వృథా అయ్యేది కాదని మా నమ్మకం.

21 ఏళ్లు నిండే పిల్లల కోసం విడిగా ఒక బిల్లు వచ్చింది. దాన్ని 2021లో, మళ్లీ 2023లో సెనేట్‌లో పెట్టింది డెమొక్రాట్ పడియా, రిపబ్లికన్ రాండ్ పాల్. ప్రతినిధుల సభలో డెమొక్రాట్ డెబొరా రాస్, రిపబ్లికన్ మారియనెట్ మిల్లర్-మీక్స్. తుపాకీ మీదా అబార్షన్ మీదా ఈ నలుగురికీ పొసగదు, ఈ పిల్లల విషయంలో మాత్రం ఒక్కటయ్యారు. టెక్సస్‌లో రిపబ్లికన్ ప్రైమరీలో ఓటేసే తెలుగువారు, న్యూజెర్సీలో డెమొక్రాట్ ప్రైమరీలో ఓటేసే తెలుగువారు తమ అభ్యర్థిని ఒకే ప్రశ్న అడగాలి. ఈ బిల్లు మీద ఎదుటి పార్టీవారి పక్కన సంతకం పెడతారా? పెట్టాక మీ పార్టీవాళ్లు గోల చేస్తే, ఆ రోజు ప్రైమరీకి వచ్చి మీకు ఓటేసే బాధ్యత మాది అని కూడా అక్కడే చెప్పాలి.