అడవిని కాచిన పవర్‌పాయింట్

జాతీయ పార్కులు బాగుపడకపోవడానికి అసలు కారణం జంతువులేనని నాకు చాలాకాలంగా గట్టి అనుమానం. ప్రపంచ పార్కుల మహాసభలు 1962లో సియాటిల్‌లో మొదలయ్యాయి. ఆ తర్వాత ఎల్లోస్టోన్, బాలి, కరాకస్, డర్బన్, 2014లో సిడ్నీ. పదేళ్లకోసారి అటూ ఇటుగా జరుగుతూనే ఉన్నాయి. ఒక్క ఏనుగైనా హాజరైందా? కనీసం ఒక తోడేలైనా, పనుండి రాలేకపోతున్నాను, క్షమించండి అని కబురు పంపిందా? ఇంతమంది విమానాలెక్కి వచ్చి వాటి గురించి తలలు పట్టుకుంటుంటే, అవి మాత్రం ఎప్పట్లాగే పొదల్లో తిరుగుతుంటాయి. బాధ్యత అనేది పుట్టుకతో రావాలి.

నిపుణులు మాత్రం ఇవేమీ మనసులో పెట్టుకోరు. అడవి ఉన్న దేశమూ, అభిప్రాయాలున్న దేశమూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే దాన్నే అంతర్జాతీయ సహకారం అంటారు. ఆ బల్ల ఎప్పుడూ అడవికి దూరంగానే ఎందుకు వేస్తారని కొందరు అమాయకంగా అడుగుతుంటారు. అడవిలో ప్రొజెక్టర్‌కు ప్లగ్ ఎక్కడుంటుంది?

ఏ పార్కునైనా తీసుకోండి, ఏ ఖండమైనా ఫరవాలేదు. అక్కడొక గార్డు ఉంటాడు. ఇరవై ఏళ్లుగా అదే బీటు. బూటు అడుగు ఊడితే ట్యూబు ముక్కతో కట్టుకుని తిరుగుతుంటాడు. చేతిలో వాకీటాకీ ఉంది, అందులో బ్యాటరీ లేదు. నీటిగుంట పక్కనున్న పంపులో వాషర్ పోయింది. కొడితే కీచుమంటుంది తప్ప చుక్క రాదు. ఎండలు ముదరకముందే మార్చాలని పైవాళ్లకు నోటితో చెప్పాడు, రెండుసార్లు కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు.

వెంటనే వాషర్ మార్చేస్తే సరిపోతుంది కదా అనుకునేవాళ్లకు పార్కు నిర్వహణ గురించి బొత్తిగా తెలియదన్నమాట. గార్డు చెబితే అది ఫిర్యాదు. అదే మాట తొమ్మిది గంటలు విమానంలో కూర్చుని వచ్చిన మనిషి చెబితే సిఫారసు. కాబట్టి ఆ వాషర్ ముందు సముద్రం దాటాలి. నీటి వనరుల మీద ప్రాథమిక అధ్యయనం జరగాలి. భాగస్వాములందరితో సంప్రదింపులు జరగాలి, మధ్యలో గ్రూప్ ఫొటో ఉండాలి. చివరికి బృందం జీపుల్లో గుంట దగ్గరికి వెళ్లింది. డ్రోన్ ఎగరేశారు. గార్డు పంపు చూపించి, హ్యాండిల్ రెండుసార్లు కొట్టి ఆ కీచు వినిపించాడు కూడా. ఆ చప్పుడు పక్షిదనుకుని ఒకాయన బైనాక్యులర్స్ ఎత్తాడు. ఇంకొకాయన గార్డుతో చేయి కలిపి, మీలాంటివాళ్లే మా హీరోలు అన్నాడు.

నివేదికలో 41వ పేజీలో ఆ సంగతి వచ్చింది. 'నీటి సరఫరా వ్యవస్థలో సూక్ష్మస్థాయి అంతరాలు' అని. అది గార్డుకు తెలిసిన భాషలో లేదు కాబట్టి, తన వాషర్ ఎంత ఎత్తుకు ఎదిగిందో పాపం అతనికి తెలియదు. ఈలోగా వానలు పడి గుంట దానంతటదే నిండింది. మొదటి దశ ఫలితాల్లో 'నీటి లభ్యత మెరుగుపడింది' అని పచ్చ గుర్తు పెట్టారు.

ఇలాంటి ఫలితాలను కొలవడానికి మెట్ అనే ఒక ఫారం ఉంది. ప్రపంచ బ్యాంకు, వన్యప్రాణుల సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి తయారు చేయించినది. మొదట వచ్చినప్పుడు 30 ప్రశ్నలు, ఒక్కో దానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. సిబ్బంది చాలినంత ఉన్నారా, సామాన్లున్నాయా, బడ్జెట్ సరిపోతోందా, ఇలా. నిజం చెప్పాలంటే చెడ్డ ఫారమేమీ కాదు, ఉన్నదున్నట్టు నింపితే పార్కు గుట్టంతా బయటపడుతుంది. అసలు చిక్కు అక్కడే. చాలాచోట్ల నింపేది పార్కు వాళ్లే, నిధులిచ్చేవాళ్లు చూసేదీ అదే. సున్నా వేసుకుంటే పరువు పోతుంది, మూడు వేసుకుంటే ఇంక సాయం దేనికంటారు. నన్నడిగితే రెండు వేసుకున్నవాడు తెలివైనవాడు.

లక్ష్యాల దగ్గరా ఇదే ధోరణి. 2020 కల్లా భూమిలో 17 శాతాన్ని రక్షిత ప్రాంతంగా చేసి, చక్కగా నిర్వహించాలని 2010లో జపాన్‌లోని నగోయాలో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. అక్కడ పెట్టుకున్న 20 లక్ష్యాల్లో ఒక్కటీ పూర్తిగా నెరవేరలేదని 2020లో ఐక్యరాజ్యసమితి నివేదికే చెప్పింది. అయితే ఏం చేశారు? 2022లో మాంట్రియల్‌లో కూర్చుని, 2030 కల్లా 30 శాతం అన్నారు. తప్పిన పిల్లాణ్ని అదే క్లాసులో ఉంచితే మనసు గాయపడుతుందని రెండు క్లాసులు పైకి పంపడం లాంటిదే ఇది.

అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు చరిత్ర చదివితే నిపుణుల మీద నాకు గౌరవం ఇంకా పెరుగుతుంది. 1872లో పార్కు పెట్టారు. వేటాడే జంతువులు చెడ్డవన్నది అప్పటి శాస్త్రం, కాబట్టి తోడేళ్లను వెతికి వెతికి చంపారు. 1926 కల్లా పని ముగిసింది. ఆ తర్వాత ఎల్క్ దుప్పులు పెరిగిపోయి చిగుళ్లన్నీ మేసేశాయి. తోడేళ్లు లేకపోవడమే లోపమన్నది కొత్త శాస్త్రం. 1995లో కెనడా నుంచి 14, మరుసటి ఏడాది 17 తోడేళ్లను తెచ్చారు. ఇది నిజంగా మంచి పని, రెండు దేశాల వాళ్లు కలిసి చేసిన పని, ఇందులో వెక్కిరించడానికేమీ లేదు. ఒక్కటి తప్ప. తెచ్చిన తోడేళ్లను కొన్ని వారాలు కంచెలో పెట్టి మేపి, మార్చిలో గేటు తెరిచారు. అవి బయటికి రాలేదు. రోజూ మనుషులు వచ్చేది ఆ గేటు నుంచే కదా, అటువైపు వెళ్లడానికి వాటికి భయం. చివరికి కంచెకు వేరేచోట కన్నం కోయాల్సి వచ్చింది. మహాసభలకు జంతువులు ఎందుకు రావడం లేదో నాకు అప్పుడు కొద్దిగా అర్థమైంది.

మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కు చీతాలది ఇంకో రకం కథ. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 వచ్చాయి. ఒప్పందాలు, అనుమతులు, క్వారంటైన్, మెడకు రేడియో కాలర్, అన్నీ సక్రమంగా ఉన్నాయి. వాటి ఒంట్లోని క్యాలెండర్‌ను మార్చడం మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు. భూమధ్యరేఖకు అటువైపు జూన్ అంటే చలికాలం. అందుకని కొన్ని చీతాలకు ఇక్కడి ఎండల్లో, వానల్లో చలికాలపు బొచ్చు దట్టంగా పెరిగింది. ఉక్కపోతకు దురద, గోకుళ్లకు పుండ్లు, పుండ్లలో పురుగులు. కొన్ని ప్రాణాలు పోయాయి. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు. చీతా చర్మానికి ఎవరూ సర్క్యులర్ పంపలేరు కదా.

పార్కు గీతల లోపల మనుషులు కూడా ఉంటారన్న సంగతి వేరే. ఎల్లోస్టోన్ నుంచి అక్కడి తెగలను బయటికి నెట్టారు. ఉగాండాలో 1991లో బ్విండిని జాతీయ పార్కు చేసినప్పుడు బట్వా తెగవాళ్లను ఆ అడవి నుంచి వెళ్లగొట్టారు. 2003లో డర్బన్ మహాసభ మూలవాసుల హక్కులను గట్టిగా గుర్తించింది. 1872 నుంచి లెక్కేస్తే 131 ఏళ్లు. తొందరపాటు నిర్ణయమని దాన్ని ఎవరూ అనలేరు. ఇప్పుడైతే ఏ పథకంలోనైనా 'స్థానికుల భాగస్వామ్యం' అని ఒక సెషన్ తప్పకుండా ఉంటుంది, సాధారణంగా భోజనం తర్వాత, సగంమంది కునికే వేళకు.

మన గార్డు దగ్గరికి వద్దాం. బృందం రెండో విడత వచ్చి వెళ్లేటప్పుడు, మా నుంచి మీకేం కావాలని దుభాషీ ద్వారా అతన్నే నేరుగా అడిగారు. ఇది గొప్ప మార్పు, ఒప్పుకోవాలి. అతను వాషర్ అన్నాడు. దుభాషీ దాన్ని ఏమని అనువదించాడో గానీ, మరుసటి నెల అతనికి ఒక సర్టిఫికెట్, 'పరిశుభ్రతా పద్ధతులు' అనే మూడు రోజుల శిక్షణకు పిలుపు వచ్చాయి. ఆ మూడు రోజులూ బీటు ఖాళీగా ఉంది.

వాషర్ మూడో దశలో ఉందట.