తలపాగా విప్పితేనే టీచరా?

కెనడాలోని క్వెబెక్ ప్రావిన్స్ అప్పీలు కోర్టు 2024 ఫిబ్రవరి 29న ఇచ్చిన తీర్పు మమ్మల్ని కలవరపెట్టింది. ప్రభుత్వ బడి టీచర్లు, పోలీసులు, ప్రాసిక్యూటర్లు, జైలు గార్డులు డ్యూటీలో మతచిహ్నాలు ధరించకూడదంటున్న 2019 నాటి 21వ బిల్లు చెల్లుతుందని ముగ్గురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చేశారు. ఇంగ్లిష్ బడులకు 2021లో కింది కోర్టు ఇచ్చిన కాస్త మినహాయింపూ పోయింది.

బడులు, ఆసుపత్రులు చర్చి గుప్పిట్లో ఉన్న రోజులు క్వెబెక్ వాసులకు బాగా గుర్తే. 1960లలో ఆ పట్టు వదిలించుకోవడానికి వాళ్లు పడిన కష్టాన్ని మేం తక్కువ చేయం. కానీ మతానికి దూరంగా ఉండాల్సింది ప్రభుత్వం. ఆ భారాన్ని తీసుకెళ్లి జీతానికి పనిచేసే టీచరమ్మ తల మీద పెట్టడం ఏం న్యాయం?

సొంత గోడ సంగతి చూద్దాం. క్వెబెక్ శాసనసభలో స్పీకర్ కుర్చీ పైన 1936లో అప్పటి ప్రీమియర్ (ప్రావిన్స్ ముఖ్యమంత్రి) డుప్లెసిస్ ప్రభుత్వం శిలువ తగిలించింది. 83 ఏళ్లు దాని కిందే కూర్చుని చట్టాలు చేశారు. 2018లో గెలిచి ప్రీమియర్ అయిన ఫ్రాంస్వా లెగో అది మా వారసత్వం, తీసేది లేదన్నారు. విమర్శలు ముదిరాక, అదీ ఉద్యోగులపై నిషేధం పాసయ్యాక, 2019 జులైలో దించారు. తమ శిలువ వారసత్వం, ఎదుటివాడి తలపాగా మాత్రం తటస్థతకు ముప్పు. ఇది పచ్చి కపటం.

హర్జిత్ సజ్జన్ తలపాగాతోనే 2015 నుంచి 2021 దాకా కెనడా రక్షణ మంత్రిగా పనిచేశారు. దేశ సైన్యాన్ని నమ్మి అప్పజెప్పిన ఆ మనిషే ఇప్పుడు మాంట్రియల్‌లో మూడో తరగతికి ఎక్కాలు చెప్పాలంటే తలపాగా విప్పాలి. హిజాబ్ వేసుకునే పాత టీచర్లకు మినహాయింపు ఉందంటారు. అది అదే బోర్డులో, అదే పోస్టులో ఉన్నంతకాలమే. ప్రిన్సిపాల్ కావాలంటే హిజాబ్ తీయాలి. మతాన్ని సూచిస్తుందని చూసేవాళ్లకు అనిపించే ఆభరణమైనా, గుర్తయినా చట్టం పరిధిలోకే వస్తుంది. అక్కడ టీచరు కావాలనుకునే తెలుగమ్మాయి నుదుటి బొట్టు సంగతి ఎవరు తేలుస్తారు?

ఇంత పెద్ద ప్రశ్నను కోర్టు లోతుగా చూడలేకపోయింది. కెనడా రాజ్యాంగంలోని హక్కుల చార్టర్‌లో 33వ సెక్షన్ ఉంది, కొన్ని హక్కులను పక్కనపెట్టి చట్టాన్ని ఐదేళ్లు నడిపించుకునే వీలు ఇస్తుంది. దాన్నే లెగో ప్రభుత్వం ముందే అడ్డం పెట్టుకుంది. మతస్వేచ్ఛ హక్కు ఉన్నా సరే, చట్టం నడుస్తుందని అందులోనే రాసుకుంది. ఆ ఐదేళ్ల గడువు 2024 జూన్‌తో తీరిపోవాల్సింది. ఈలోపే ఇంకో ఐదేళ్లు పొడిగించే బిల్లు సభకు వచ్చి, 2024లోనే పాసైపోయింది. చట్టం మీద అంత నమ్మకమే ఉంటే హక్కుల విచారణ అంటే ఎందుకంత భయం?

2023 ఆగస్టులో బడులు తెరిచే వేళకు 8,500 మందికి పైగా టీచర్లు తక్కువయ్యారని విద్యాశాఖ మంత్రే చెప్పారు. పాఠం చెప్పడానికి మనిషి దొరకని చోట, దొరికిన మనిషిని స్కార్ఫ్ చూసి వెనక్కి పంపుతున్నారు. క్వెబెక్ పాలకులారా, మీ గోడ మీది శిలువ దించడానికి 83 ఏళ్లు పట్టింది. ఆ టీచరుకు ఎన్ని రోజులు గడువిచ్చారు? ముందు ఆ పొడిగింపు వెనక్కి తీసుకోండి.