ఈ-రీడర్ ఓనరు గారికి విన్నపం

అయ్యా, పుట్టుకతో వచ్చిన సాఫ్ట్‌వేర్ గారూ,

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి ఓనరు నెలల కొద్దీ అడ్వాన్సు పుచ్చుకుని కూడా గోడకు మేకు కొట్టనివ్వడు. పోనీలే, ఇల్లు ఆయనది. నేను డబ్బులిచ్చి కొన్న ఆరంగుళాల పలకలో మీ పెత్తనమేమిటి?

మొదటిరోజే ఓ తెలుగు ఈపబ్ (ఈ-పుస్తకం ఫైలు) ఎక్కించాను. తొలి వాక్యంలో 'అమ్మ' ఉంది. మీరు చూపించింది 'అమ్‌మ'. మకి మ ఒత్తు మా ఊళ్లో ఒకటో తరగతి పాఠమండీ! ఇక 'స్త్రీ' దగ్గర సకారం, తకారం, రకారం సిల్క్ బోర్డు సిగ్నల్లో బళ్లలా విడివిడిగా నిలబడిపోయాయి. మండలి అనే తెలుగు ఫాంటు తెచ్చి పెట్టాను. అక్షరాలు ముస్తాబయ్యాయి, కాపురం మాత్రం కుదరలేదు. ఎవరి కింద ఎవరు కూర్చోవాలో చెప్పే పెద్దమనిషి మీ ఇంట్లో లేడు మరి.

ఆ పెద్దమనిషి పేరు హార్ఫ్‌బజ్, అక్షరాల్నీ ఒత్తుల్నీ కూర్చే ప్రోగ్రాము. కోరీడర్ అనే పుస్తకాలు చదివే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడని తెలిసి, దాన్ని పిలిచాను. పైసా అడగలేదు. ఫాంట్ల ఫోల్డర్లో అదే మండలి పెడితే, ఒత్తు బుద్ధిగా కిందికి దిగి 'అమ్మ' అంది. ప్రాణం లేచొచ్చింది.

పాత పుస్తకాల స్కాన్లు మీ దగ్గర చీమలబారు. పెద్దది చేస్తే సగం వాక్యం తెర బయట. ఈడ్చినప్పుడల్లా ఈ-ఇంక్ కళ్లార్పుతుంది. కోరీడర్ అంచులు కత్తిరించి, మాటల్ని బొమ్మలుగా కోసి, తెర వెడల్పుకు మళ్లీ పేరుస్తుంది. దానికి తెలుగు చదవడం రానక్కర్లేదు, మనకొస్తే చాలు.

అలాగని మిమ్మల్ని వెళ్లగొట్టలేను. కోరీడర్ మెనూల్లో వారం రోజులు దారి తప్పాను (మా అమ్మకిస్తే పలక అటక మీదే). పైగా నేను కొన్న పుస్తకాలకు మీరేసిన డీఆర్ఎం (కాపీ కాకుండా వేసే) తాళం అది తీయదు. అందుకే మెట్రో పర్పుల్ లైన్లో కాడుగోడి నుంచి ఇందిరానగర్ దాకా మీ దగ్గర ఇంగ్లీషు డిటెక్టివు, అక్కణ్నుంచి మెజెస్టిక్ దాకా కోరీడర్లో తెలుగు కథ. రెండిళ్ల కాపురం.

మొన్న రాత్రి అడక్కుండానే అప్‌డేట్ అయ్యారు. పొద్దున్నే ఆశగా తెరిచాను. పైన కొత్త పుస్తకం ప్రకటన, కింద అదే 'అమ్‌మ'.

ఇట్లు,
మీ దగ్గర అద్దెకుంటున్న యజమాని