లాటిన్ లేనిదే మాత్ర దిగదు

లాటిన్ చచ్చిపోయిన భాష అనే పెద్దమనుషులు ఒకసారి ఇంట్లో మందుల చీటీ చూడాలని మనవి. జ్వరం మాత్ర పక్కన టీడీఎస్ అని ఉంటుంది. ఆదాయపన్ను వాళ్లు జ్వరాన్నీ వదల్లేదని కంగారుపడొద్దు. 'తెర్ దియే సుమెందుమ్', రోజుకు మూడుసార్లు వేసుకోమని. బీడీ అంటే రెండుసార్లు. డాక్టరే కాల్చుకోమన్నాడని తాతయ్యలు మురిసిపోకూడదు. ఎస్ఓఎస్ చూసి ఓడ మునిగిందనుకోనక్కర్లేదు, 'సీ ఓపుస్ సిత్', అవసరమైతేనే అని. ఇంత లాటిన్‌నూ మందుల షాపు కుర్రాడు కళ్లజోడైనా లేకుండా చదివేసి, స్ట్రిప్పు వెనక పెన్నుతో మూడు గీతలు గీసి, 'మూడు పూటలా, తిన్నాక వేసుకోండమ్మా' అని చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెడతాడు. రోమన్ సామ్రాజ్యానికి మిగిలిన ఆఖరి పౌరుడు అతనే.

అయినా లాటిన్ సొగసు చూడాలంటే సర్కారు దగ్గరే చూడాలి. ప్రమాదం జరిగాక పరిహారం ఇస్తే బాధ్యత ఒప్పుకున్నట్టవుతుంది. ఎక్స్‌గ్రేషియా ఇస్తే దయ తలచినట్టవుతుంది. ఖజానా మనదే, చెక్కు మీద అంకె అదే, దండం పెట్టాల్సింది కూడా మనమే. ఇక గట్టు తగాదాలో కోర్టు స్టేటస్ కో, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచమని, అందంటే, తాత వేసిన కేసు మనవడికి పెళ్లయ్యే దాకా గట్టు మీదే కూర్చుంటుంది. రాజ్యాంగం 32వ అధికరణంలో పేరు పెట్టి చెప్పిన అయిదు రిట్లలో, అంటే కోర్టు ఆదేశాల్లో, మనకు చప్పున అర్థమయ్యేది ప్రొహిబిషన్ ఒక్కటే. అదీ 1995 నాటి మద్యనిషేధం పుణ్యమా అని, పూర్తిగా తప్పుగా. అసలది హద్దు దాటిన కింది కోర్టును ఆపే ఆదేశం.

ఏటా ఆగస్టు 29న తెలుగు చచ్చిపోతోందని గుండెలు బాదుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి. లాటిన్‌కు దర్జా అంతా అది చచ్చాకే పెరిగింది! బతికున్న తెలుగులో అర్జీ రాస్తే గుమాస్తా తలెత్తి చూడడు. 'ప్రైమా ఫేసీ' (పైకి కనిపించేదాన్ని బట్టి) అని ఒక ముక్క తగిలించండి, కుర్చీ చూపిస్తాడు.

2013 ఫిబ్రవరి 11న పోప్ పదహారో బెనెడిక్ట్ తన రాజీనామాను లాటిన్‌లోనే చదివారు. వింటున్న విలేకరుల్లో లాటిన్ బాగా వచ్చిన ఒక ఇటాలియన్ మహిళ పట్టుకుంది కాబట్టి వార్త క్షణాల్లో బయటికొచ్చింది. మన నాయకులు దీన్ని ఎందుకు అందిపుచ్చుకోలేదో తెలియదు. ఇన్నేళ్లుగా స్పీకర్ ఫార్మాట్‌లో లేదనే సాకుతో ఆగిన రాజీనామాలన్నీ లాటిన్ ఫార్మాట్‌లో హాయిగా ఇచ్చేయొచ్చు. వెనక్కి తీసుకునేటప్పుడు కూడా అదే కాగితం చదివితే సరిపోతుంది.